మా ఆయనకి చర్చి వెతికిన వారం

యాత్రలకి వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి రాస్తారు, జెరూసలేం గురించి రాస్తారు, ఈమధ్య సింగపూర్ గురించి కూడా రాస్తున్నారు. నేను వెళ్ళింది విజయవాడ నుంచి చల్లపల్లి అవతల కరకట్ట వైపున్న ఒక ఊరికి. పోను అరవై కిలోమీటర్లు, రాను అరవై. బస్సెక్కితే రెండున్నర గంటల పని. నాకు ఆదివారం మొదలుపెడితే మళ్ళీ ఆదివారం దాటింది. తప్పు బస్సులది కాదు. దారిలో చర్చిలున్నాయి, ప్రతి చర్చిలోనూ నేను కొత్తదాన్ని, ప్రతిచోటా నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

ఆ ప్రశ్న మా ఆయన కోసం. ప్రకాశరావు గారు ఇరిగేషన్ ఆఫీసులో హెడ్‌క్లర్కు. తొంభైల చివర్లో ఒక ఫిబ్రవరిలో ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన నాలుగో రోజు ఇడ్లీ తుంచుకుంటూ, "అనసూయా, నాకు చర్చికి వెళ్ళాలనుంది" అన్నారు. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ మాట నేను వినలేదు.

ఎందుకు వినలేదో చెప్పాలి. ఆయన క్రైస్తవుడు. మాది పామర్రు దగ్గర వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. మా మేనమామ ఊరూ ఆయన ఊరూ ఒకటే. మావయ్యది ఊళ్ళో మేడ, ఆయనది పేటలో తాటాకిల్లు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా పేటలోని చర్చి నుంచి పాటలు వినపడేవి. అందులో అందరికంటే ముందు లేచే గొంతు ఎవరిదా అని వాకబు చేశాను. ఆ వాకబు రిజిస్ట్రారు ఆఫీసు దాకా వెళ్ళింది. పెళ్ళయిన నెలకి, అన్యురాలిని చేసుకున్నాడని చెప్పి, చర్చివాళ్ళు రిజిస్టర్లో ఆయన పేరు కొట్టేశారు. మావాళ్ళు నన్ను కొట్టేయడానికి రిజిస్టరు కూడా వెతుక్కోలేదు. ఆయన మళ్ళీ ఏ చర్చి గడపా తొక్కలేదు. స్నానాల గదిలో తప్ప ఎక్కడా పాడలేదు.

"వెళ్ళండి, ఎవరొద్దన్నారు?" అన్నాను.

"వెళ్తే ఏ సంఘం నీది, ఇన్నేళ్ళు ఎక్కడున్నావు అని అడుగుతారు. చెప్పాక లేచి పొమ్మంటారు. ఒకసారి పేరు పోగొట్టుకున్నాను, చాలు."

"అయితే ముందు నేను వెళ్ళి చూసొస్తాను."

"నువ్వా? నువ్వు పోట్లాడొస్తావు."

"పోట్లాడితేనే మనిషి బయటపడతాడు."

ఆయన్ని చూసుకోవడానికి గుడివాడ నుంచి మా ఆడపడుచు సువార్త వచ్చింది. "వదినా, వెళ్ళేదేదో బొట్టు తీసేసి వెళ్ళు" అంది. ఆయన పేరు పోయిందే ఈ బొట్టు మూలంగా. దీన్ని ఇంట్లో పెట్టి వెళ్తే నాకేం తెలుస్తుంది? రోజూ పెట్టుకునేదానికన్నా కాస్త పెద్దదే పెట్టుకున్నాను.

మట్టల ఆదివారం, విజయవాడ

మొదటి చర్చి తెల్లవాళ్ళు కట్టించింది. ఎత్తయిన కప్పు, రంగు అద్దాలు, పాలిష్ పెట్టిన బెంచీలు. గుడి అలవాటు కొద్దీ చెప్పులు మెట్ల మీద విడిచి లోపలికి వెళ్ళాను. చూద్దును కదా, అందరి కాళ్ళకీ చెప్పులూ బూట్లూ ఉన్నాయి. అందరి చేతుల్లోనూ కొబ్బరి మట్టలు. పిల్లలు వాటితో ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటున్నారు. అది చూశాక కాస్త ప్రాణం కుదుటపడింది.

మధ్యలో మైకులో "కొత్తగా వచ్చినవారు దయచేసి లేచి నిలబడండి" అన్నారు. మొత్తం చర్చిలో లేచింది నేనొక్కదాన్నే. చప్పట్లు కొట్టారు. ఒకాయన వచ్చి కార్డు ఇచ్చాడు, నింపమని. పేరు, చిరునామా, ఏ సంఘ సభ్యులు. మూడో గడి ఖాళీగా వదిలేశాను. చప్పట్లు కొట్టిన ఆ చేతుల్లో ఒక్కటీ తర్వాత నా దగ్గరికి రాలేదు. ఆవరణలో కాఫీ ఇచ్చారు. మంచి కాఫీ, చిక్కగా. ఎవరి కుటుంబంతో వాళ్ళు గుండ్రంగా నిలబడి తాగారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గోడతో పరిచయం చేసుకుంటూ నిలబడ్డాను.

సెక్రటరీ గారిని నేనే వెళ్ళి పట్టుకున్నాను. తెల్ల షర్టు, జేబులో రెండు పెన్నులు. "ఇరవై ఒక్క ఏళ్ళ కిందట సంఘంలోంచి పేరు తీసేసిన మనిషి, బొట్టు పెట్టుకునే భార్యతో సహా వస్తే కూర్చోనిస్తారా అండీ?"

"కూర్చోడానికేముందండీ, ఎవరైనా కూర్చోవచ్చు. సభ్యత్వం అంటేనే పాత సంఘం నుంచి బదిలీ ఉత్తరం కావాలి."

"పేరు కొట్టేసినవాళ్ళు ఉత్తరం ఎందుకిస్తారు?"

ఆయన జేబులో పెన్నులు సర్దుకున్నాడు. "అదీ నిజమేనండి. కానీ పద్ధతంటూ ఒకటుంది కదా."

"రేషన్ కార్డుకీ ఇదే పద్ధతండీ" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది, మాట్లాడుకునేవాళ్ళం. బయటికొస్తే నా చెప్పులు లేవు. ఎవరో మర్చిపోయారనుకుని వాచ్‌మన్ తీసి భద్రంగా తన గదిలో పెట్టాడట. ఆ రోజు నన్ను గురించి ఆలోచించిన మనిషి అతనొక్కడే.

మంగళవారం, ఆటోనగర్

రెండోది చర్చి అంటే ఎవరూ నమ్మరు. కింద లారీ బాడీలు కట్టే షెడ్డు, పైన రేకుల హాలు. ఇనప మెట్లు. సాయంత్రం అయిదింటికి ప్రార్థన. లేత్ మిషన్ల దగ్గర పని చేసేవాళ్ళు గ్రీజు మరకల చొక్కాలతోనే వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు, అందరూ చాపల మీద. ఇక్కడ చెప్పులు బయటే విడవాలి. నేను ఈసారి తొడుక్కుని వెళ్ళాను, గుమ్మంలో ఆపారు.

పక్కన కూర్చున్నామె, ఒక మెకానిక్ భార్య, పేరు కూడా అడక్కుండా నా చేతికి పాటల పుస్తకం ఇచ్చి, పేజీ తీసిపెట్టి, అది నాకు దొరుకుతుందో లేదో అని ప్రతి చరణానికీ వేలుతో చూపించింది. ప్రార్థన అయ్యాక నలుగురు చుట్టూ చేరి తల మీద చేతులు పెట్టేశారు. చేతుల బరువుకి మెడ వంగిపోయింది. ఒకావిడ మెల్లిగా, "అక్కా, ఆ బొట్టు తుడుస్తానుండండి" అని తడి రుమాలు తీసింది.

"మీ చేతి గాజులు నేను తీస్తానంటే ఊరుకుంటారా?" అన్నాను.

ఆవిడ చేతులు చూసుకుంది. గాజుల్లేవు. "మేం ఎప్పుడో తీసేశామక్కా" అంది నవ్వుతూ. రుమాలు మాత్రం వెనక్కి వెళ్ళింది.

పాస్టరు గారు ఒకప్పుడు లారీలకి రంగులేసేవాడు. నా ప్రశ్న పూర్తి కాకముందే "తీసుకురండమ్మా" అన్నాడు. "ఎవరు కొట్టేస్తే మనకేం? మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేస్తాం. కాలవలో ముంచి లేపితే కొత్త మనిషి."

"గుండె ఆపరేషన్ అయినాయన్ని కాలవలో ముంచుతారా?"

"ఇప్పుడు కాదమ్మా, కాలవలు కట్టేశారు కదా. జూన్లో నీళ్ళొదిలాక."

నీళ్ళొదిలే కాగితాలు రాసేది మా ఆయన ఆఫీసువాళ్ళే అని చెప్తే పడీపడీ నవ్వాడు. మనుషులు మంచివాళ్ళు. కానీ ఆయన ఇదివరకు చిన్నతనంలో తీసుకున్న బాప్తిస్మం, పాడిన పాటలు, అన్నీ లెక్కలోకి రావనడం నాకు నచ్చలేదు. కొత్త మనిషిని చేసుకోడానికి నాకేం అవసరం? నాకు పాత మనిషి కావాలి.

కింద బండి మీద పునుగులు, ప్లేటు మూడు రూపాయలు. తింటుంటే ఎదుటి వెల్డింగ్ షాపాయన స్టూలు వేశాడు. మస్తాన్ గారు. పైన మైకు మోగుతున్నంతసేపూ ఆయన గ్రైండర్ ఆపి కూర్చున్నాడట. "మీకు పని పోదా?" అంటే, "మంగళవారం గంట నేను ఆపుతానమ్మా, శుక్రవారం మా నమాజు వేళకి వాళ్ళు మైకు ఆపుతారు. ఎవరూ కాగితం రాసుకోలేదు" అన్నాడు. సెక్రటరీ గారి కార్డు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి ఆయనకి రెండు చర్చిల సంగతీ చెప్పాను. కాలవ దగ్గర ఆయనా నవ్వారు, కుట్లు నొప్పెట్టి ఆపేశారు. తర్వాత, "ఉత్తరం అడిగారా?" అన్నారు, అటు తిరిగి పడుకుని. ఆ వీపు చూసి నిర్ణయించుకున్నాను. ఉత్తరం ఇవ్వాల్సినవాళ్ళ దగ్గరికే వెళ్ళి అడగాలి.

గురువారం, పామర్రు

బందరు రోడ్డు బస్సు, టిక్కెట్టు పదకొండు రూపాయలు. ఉయ్యూరులో ఆగితే చెరకు రసం గ్లాసు రెండు రూపాయలు, అల్లం వేస్తే ఇంకో పావలా. పక్కన కాలవలో నీళ్ళు లేవు, బురదలో గేదెలున్నాయి. కోతలైన చేలల్లో మినుములు పీకి కుప్పలేశారు.

పామర్రులో దిగింది దారిలో ఇంకో చర్చి చూద్దామని. పేట మొదట్లోనే ఉంది, చిన్నది, నీలం సున్నం. సాయంత్రం ఆరాధనకి ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు. ప్రతి ఒక్కరి దగ్గరా చిన్న సంచి. వంటకి బియ్యం తీసిన ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన పెట్టి, వారానికోసారి తెచ్చి చర్చి డబ్బాలో పోస్తారు. పాస్టరు గారింట్లో తినేది ఆ బియ్యమే.

పాస్టరమ్మ గారు ఎదురొచ్చి, "మీరు ఎవరి తాలూకండీ?" అన్నారు. మా నాన్నగారి పేరు, ఊరు చెప్పాను. అక్కడే పొరపాటు చేశాను. నిమిషంలో ఎవరింట్లోంచో ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఫ్యాను కింద వేశారు. కొబ్బరి బొండం కొట్టి తెచ్చారు. అరవై మంది ఆడవాళ్ళు చాపల మీద, నేనొక్కదాన్నీ కుర్చీలో. ప్రసంగం ఏం చెప్పారో నాకు వినపడలేదు. వీపు మండింది. మా నాన్న ఈ పేటలో ఏనాడూ మంచినీళ్ళు పుచ్చుకోలేదు. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు, బొండానికీ తెలుసు.

లేచి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. పక్కనున్న ముసలామె తన చీర నాకు తగలకుండా దగ్గరికి లాక్కుని ఇంత దూరం జరిగింది. ఆ జరగడం వాళ్ళకి అలవాటవడానికి ఎన్ని తరాలు పట్టిందో అనుకున్నాను. నేనూ జరిగాను. ఆమె మళ్ళీ జరిగింది. గోడ వచ్చింది.

"ఇంకెక్కడికి వెళ్తావు మామ్మా?" అన్నాను.

ఆమె నోట్లో పళ్ళు నాలుగే. నాలుగూ కనపడేలా నవ్వింది.

ఆరాధన అయ్యాక ప్రశ్న అడిగితే పాస్టరమ్మ గారు, "మీవారు వస్తే భాగ్యం కదండీ, ఆయనకీ కుర్చీ వేస్తాం" అన్నారు.

"మావారు మీవాళ్ళేనండీ. పేటలో పుట్టినాయన."

పాస్టరమ్మ గారు కుర్చీ వైపు చూశారు. ముసలామె గోడ దగ్గర్నుంచి, "అట్టయితే చాపే" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వులోంచి నాకు అన్నం పెట్టారు. మామిడికాయ పప్పు, వడియాలు. ఈస్టరు ముందు నలభై రోజులూ శ్రమల కాలమని మాంసం వండరు. రాత్రికి పాస్టరమ్మ గారి పక్కనే చాప. కుర్చీ ఎవరింటిదో వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

శుక్రవారం, ఆయన ఊరు

చల్లపల్లి బస్టాండులో ముంజలు డజను ఆరు రూపాయలు. బేరమాడకుండా కొన్నాను, నాకు ఆ పూట బేరమాడే ఓపిక కూడా దాచుకోవాలనిపించింది. అక్కణ్ణించి సర్వీసు ఆటో. మావయ్య పోయాక మేడ అమ్మేశారు, అందులో ఇప్పుడు కాన్వెంటు నడుస్తోంది. దాన్ని దాటుకుని, నా జీవితంలో మొదటిసారి ఆ ఊరి పేటలోకి నడిచాను.

గుడ్ ఫ్రైడే. పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఆ రోజు ఆడవాళ్ళందరూ తెల్లచీరలు కడతారన్నది సువార్త నాకు చెప్పడం మర్చిపోయింది. నేను పసుపుపచ్చ చీరలో, ఎర్ర అంచుతో, గుమ్మంలో నిలబడ్డాను. రెండొందల తలలు తిరిగాయి. ఆరో మాట చెప్పినాయన నలభై నిమిషాలు తీసుకున్నాడు. ఎండ, ఉపవాసం, చెమట. నేను లోపల నా ప్రసంగం తయారుచేసుకుంటున్నాను.

అయ్యాక చెట్టు కింద మజ్జిగ పోశారు. సంఘ పెద్ద దేవదానం గారు డెబ్బై అయిదు దాటిన మనిషి, భుజం మీద తువ్వాలు. నేను దగ్గరికి వెళ్తుంటేనే లేచి నిలబడ్డాడు.

"నేను ప్రకాశరావు భార్యని."

"గుమ్మంలో నిలబడ్డప్పుడే తెలిసిందండి అమ్మాయిగారూ."

"అమ్మాయిగారూ అనకండి. నాకు నలభై ఆరేళ్ళు. ఆయనకి బదిలీ ఉత్తరం కావాలి."

"పేరు లేనివాడికి ఉత్తరం ఎట్టా ఇస్తామండి?"

"ఆ పేరు కొట్టేసిందెవరు?"

"నేనేనండి."

బస్సులోనూ చర్చిలోనూ తయారుచేసుకున్నదంతా వదిలాను. పాపుల కోసం ప్రాణం పెట్టాడని మీ వాళ్ళు ఏడుగురు మూడు గంటలు చెప్పారు, పెళ్ళి చేసుకున్నవాడికి మాత్రం చాప మీద జానెడు చోటు లేకపోయిందా అన్నాను. ఆయన గొంతు మీకు కావాలి, ఆయన భార్య వద్దా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అన్నీ ఇక్కడ రాయను. దేవదానం గారు తల వంచుకుని విన్నాడు.

"అయిందాండి?"

"అయింది."

"మీ మావయ్యగారు మనిషిని పంపారండి. వాడి పేరు మా పుస్తకంలో ఉంటే ఆ ఏడు కోతలకి పేటలో ఒక్కర్ని కూడా పిలవబోమని. ఊళ్ళో మిగతా రైతులు ఆయన మాట దాటరు. కోతల్లేకపోతే పేటంతా ఏం తింటారు? అన్యురాలూ, వాక్యమూ, అయ్యన్నీ తర్వాత మేం చెప్పుకున్న మాటలండి. కొట్టేసే ముందు చల్లపల్లి బస్టాండుకెళ్ళి ప్రకాశానికి చెప్పాను. 'కొట్టేయండి పెద్దయ్యా, కోతలు పోకూడదు' అన్నాడు."

ఇరవై ఒక్క ఏళ్ళు నేను ఈ చర్చిని తిట్టాను. కూర చేస్తూ తిట్టాను, కాలేజీ పిల్లల పేపర్లు దిద్దుతూ తిట్టాను. ఆ పేరు కొట్టించిన చెయ్యి మాది. పండక్కి నాకు గాజులు తొడిగించిన చెయ్యి.

"మావయ్య పోయి ఆరేళ్ళయింది కదా" అన్నాను, చివరికి. "అప్పుడైనా పిలవచ్చుగా."

"మొహం చెల్లలేదండి."

పెద్దవాళ్ళతో వచ్చే చిక్కే ఇది. ఈయన పిలవలేదు, ఆయన పిలవకుండా రాలేదు, ఇద్దరూ ఆరేళ్ళు మర్యాదగా కూర్చున్నారు.

"సరే. ఇప్పుడు ఉత్తరం రాయండి."

"రాయనండి."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఉత్తరం అంటే ఇక్కణ్ణించి పంపించెయ్యడమండి. ఒకసారి పంపించాను. రెండోసారి నా చేత్తో పంపించను. ఆదివారం దాకా ఉండండి. పేరు మళ్ళీ ఎక్కించమని సంఘాన్ని అడుగుతాను. ఒప్పుకోకపోతే అప్పుడు మీ ఇష్టం, ఉత్తరమే రాసిస్తాను."

శనివారం

దేవదానం గారి చెల్లెలు శాంతమ్మ గారింట్లో ఉన్నాను. ఈస్టరు ముందు రోజు అందరూ సమాధులకి సున్నం వేస్తారు. మా అత్తమామలవి పక్కపక్కనే ఉన్నాయి. నేను వాళ్ళని చూసింది లేదు. బకెట్టూ చీపురూ తీసుకుని కూర్చుని రెంటికీ వేశాను. చీర పాడైంది, చేతులు పొక్కాయి. మధ్యాహ్నం ముగ్గురి ఇళ్ళనుంచి కూర వచ్చింది.

కుర్ర పాస్టరు గారు వచ్చి పక్కన నిలబడ్డారు. బైబిలు కాలేజీ నుంచి కొత్తగా వచ్చారట. "పేరు మళ్ళీ చేర్చాలంటే ఆయన స్వయంగా రావాలండీ" అన్నారు. డాక్టరు మూడు నెలలు బస్సెక్కొద్దన్నాడని చెప్పాను. "చూద్దామండి" అన్నారు. ఆ మాట మా ప్రిన్సిపాల్ నోట చాలాసార్లు విన్నాను. భయమేసింది.

ఈస్టరు ఆదివారం

తెల్లారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాడారు. తర్వాత ఆరాధన, ఆపైన ప్రభు బల్ల, దాని తర్వాత సంఘం మాటలు, ఆయన పేరు సంగతి అప్పుడే. ప్రభు బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం అని తెలుసు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే రావాలని పాస్టరు గారు రెండుసార్లు చెప్పారట. నేను సంఘం ఏమంటుందో అన్న ఆలోచనలో ఉన్నాను. వరస లేచింది, శాంతమ్మ గారు నా మోచెయ్యి పట్టుకుని లేపింది, మోకాళ్ళ మీద కూర్చున్నాం. పాస్టరు గారు తలొంచుకుని అందరి చేతుల్లోనూ పెట్టుకుంటూ వెళ్ళారు. నా చేతిలోనూ పెట్టారు.

నేను చిన్నప్పట్నుంచి చేసిందే చేశాను. కళ్ళకద్దుకున్నాను. సగం నోట్లో వేసుకుని, మిగతా సగం ఇంట్లో మనిషికి కొంగున ముడేసుకున్నాను. కొండకెళ్ళినా, వీధి చివర గుడికెళ్ళినా, రాలేని మనిషి వాటా తేకుండా మా ఇళ్ళల్లో ఎవరూ గడప లోపలికి రారు.

వెనక ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. పాస్టరు గారు తలెత్తారు. "అమ్మా, అది ఇంటికి తీసుకెళ్ళకూడదు."

"ఎందుకని?"

మగవాళ్ళ వైపు నుంచి ఒకాయన లేచాడు. "అందుకే చెప్పానండి. ఏమీ తెలియని మనిషిని బల్ల దగ్గరికి రానిచ్చారు. ఇట్టాగైతే పేరు సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు."

చెడగొట్టాను అనుకున్నాను. ఎనిమిది రోజులు తిరిగి, చివరి అడుగులో చెడగొట్టాను. కానీ నోరు నా మాట ఎప్పుడు విన్నది కనక?

"తప్పయితే తప్పేనండీ. నాకు మీ పద్ధతి తెలియదు. కానీ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడు. ఆయన ఊరు ఇది, ఆయన చర్చి ఇది. ఆయన వాటా తియ్యకుండా నేనొక్కదాన్నీ తినేసి ఏ మొహంతో ఇంటికెళ్ళను?"

శాంతమ్మ గారు మోకాళ్ళ మీద నుంచే అంది: "ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేవుందయ్యా? ప్రకాశం వాటా ఇరవయ్యేళ్ళ బట్టీ ఇక్కడ మిగిలే ఉందిగా."

దేవదానం గారు లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "కోడలా, ముడి విప్పి అది నువ్వు తినెయ్యి. వాడిది నేను పట్టుకొస్తాను."

పాస్టరు గారు మెల్లిగా, "జబ్బుగా ఉన్నవాళ్ళింటికి నేను తీసుకెళ్ళవచ్చు పెద్దయ్యా, పద్ధతి ఉంది. కానీ సంఘ సభ్యుడై ఉండాలి" అన్నారు.

"అయితే ముందు పేరు రాసి, తర్వాత వెళ్దాం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

ముందు ఆడవాళ్ళ వైపు లేచాయి. పిల్లలు రెండేసి చేతులెత్తారు. మగవాళ్ళ వైపు ముసలివాళ్ళు, తర్వాత మిగతావాళ్ళు. అడ్డం చెప్పినాయన చెవి గోక్కున్నాడు, ఆ చెయ్యి అక్కణ్ణించి ఇంకొంచెం పైకి వెళ్ళింది. నేనూ ఎత్తాను.

"మీకు ఓటు లేదండీ" అన్నారు పాస్టరు గారు. ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

కొంగు ముడి విప్పి రొట్టె తిన్నాను. సున్నం వాసనేసింది. నిన్నటి చీరే మరి.

సోమవారం, మళ్ళీ విజయవాడ

ముగ్గురం పొద్దున బస్సుకి వచ్చాం. పాస్టరు గారి ఒళ్ళో చిన్న చెక్కపెట్టె, దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు. మా ఇల్లు రెండో అంతస్తు. దేవదానం గారు మలుపు మలుపుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కాడు. ఎవరో వస్తున్నారని తెలిసి మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. మెట్ల మీద పెద్దాయన, పైన ఈయన, ఇద్దరి చేతులూ గుండెల మీదే.

"పెద్దయ్యా, నేనే దిగొచ్చేవాణ్ణిగా" అన్నారు మా ఆయన.

"నువ్వు దిగాలంటే ముందు నేనెక్కాలిరా" అన్నాడు దేవదానం గారు.

పేరు ఎక్కించిన సంగతి పాస్టరు గారు చెప్పారు. మా ఆయన రొట్టె తీసుకునేటప్పుడు సువార్త ఆయన చేతి కింద చెయ్యి పెట్టింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ప్రార్థన అయ్యేదాకా ఆగడమే నాకు ఎక్కువ. అవగానే అడిగేశాను.

"కోతల సంగతి మీకు ముందే తెలుసటగా. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు మీ మావయ్య మీదికి వెళ్ళేదానివి. నీకు పుట్టిల్లంటూ ఇంకేమీ మిగిలేది కాదు."

"ఇప్పుడు మాత్రం ఏం మిగిలింది?"

"మిగుల్తుందేమోనని చూశాను" అన్నారు.

దానికి నేనేమన్నానో రాయను. దేవదానం గారు గొంతు సవరించుకుని, "ఒరే ప్రకాశం, నువ్వెళ్ళాక మాకు శ్రుతి కుదర్లేదురా" అని ఒక పాట ఎత్తుకున్నాడు. తప్పు శ్రుతిలోనే ఎత్తుకున్నాడు. ఒక లైను అయ్యేదాకా మా ఆయన ఓర్చుకున్నారు. రెండో లైనుకి తను అందుకుని సరిచేశారు. ఆ గొంతు పూర్వంలా లేదు. మధ్యలో గాలి, చివర్లో జీర. కానీ అందరికంటే ముందు లేచింది.

"డాక్టరు గట్టిగా మాట్లాడొద్దన్నాడండీ" అన్నాను.

"మాట్లాట్లేదుగా వదినా" అంది సువార్త.

మూడో చరణం దగ్గర ఆయనకి ఊపిరి అందలేదు. పెద్దాయన ఆ చరణం తను పాడి, నాలుగోది ఆయనకి వదిలాడు. పాస్టరు గారు గడియారం చూసుకున్నారు, పన్నెండున్నర బస్సుకి వెళ్ళాలి వాళ్ళు. చూసుకుని, చెయ్యి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు. ఇంకా రెండు చరణాలున్నాయి. నేను లోపలికెళ్ళి, ఇంకో మూడు గ్లాసుల బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.